ఒంటరి చాయ్

"ఆఫీసులో ఎవరూ ఒక్కరే కూర్చుని చాయ్ తాగకూడదు. ఆంజనేయస్వామి మీద ఒట్టు" అంటూ పట్టాభి కుంకుమ పళ్ళెం మధ్యలో పెట్టాడు.

నాగోల్ వైపున్న అయిదు కాలనీల సంఘాల అధ్యక్షులు గుడి మంటపంలో కూర్చున్నారు. ఒక్కొక్కరే పళ్ళెం మీద చెయ్యి ఉంచారు. చివరగా పడిన చెయ్యి దశరథది. ఆ చేతిని చూడగానే పట్టాభికి ఒళ్ళు మండింది.

చాయ్ సంగతి అందరికీ తెలిసిందే. అందరూ కలిసి వెళ్ళి అడిగితే కార్పొరేషన్ పెద్దసారు నిధులు లేవంటాడు. తర్వాత ఒక్కొక్కరినే లోపలికి పిలిచి చాయ్ ఇప్పిస్తాడు. కప్పు ఖాళీ అయ్యేలోపు ఒకరికి పార్కు, ఇంకొకరికి కమాను ఖాయమవుతాయి. కలిసి అడిగిన పని గాలికి పోతుంది. పోయినేడు అలా ఒంటరిగా చాయ్ తాగి, తన కాలనీకి కమ్యూనిటీ హాలు తెచ్చుకున్నవాడు దశరథ. అందరూ కలిసి అడిగిన మురుగునీటి నాలా అక్కడితో ఆగిపోయింది.

అయిదు కాలనీల నీళ్ళూ చేరేది పల్లంలో ఉన్న పట్టాభి కాలనీలోకే. వానలకు మురుగు అతని దేవుడి గదిలోకి వచ్చింది. భార్య లలితకుమారి రోజూ కుంకుమపూజ చేసుకునే అమ్మవారి పటం ఆ నీళ్ళలో తేలింది. ఆ రోజు దశరథ గుమ్మం దాకా వచ్చి, పటం వైపు చూసి, ఒక్క మాటయినా అనకుండా వెళ్ళిపోయాడు. తమాషా చూసి పోవడానికి వచ్చాడనుకున్నాడు పట్టాభి. అప్పటినుంచీ అతనికి కంటి నిండా నిద్ర లేదు.

ఒట్టు పెట్టడం అయ్యాక అతను కావాలనే దశరథ పక్కన నడిచాడు.

"దశరథగారూ, మీకు కాబట్టి చెబుతున్నాను. ఫంక్షన్ హాలు కట్టడానికి ఆఫీసువాళ్ళు ఖాళీ స్థలం వెతుకుతున్నారట. ముందు ఎవరు ఒప్పుకుంటే వాళ్ళకే. సోమవారం నేనే వెళ్ళి అడుగుదామనుకుంటున్నాను."

దశరథ కాసేపు అతని ముఖంలోకి చూశాడు. "గట్లనా సార్. మంచి ముచ్చట చెప్పిన్రు" అన్నాడు.

నిజానికి రాబోయేది ఫంక్షన్ హాలు కాదు. ఇంటింటి చెత్త ఆటోల్లో తెచ్చి పోసి, పెద్ద లారీలకు ఎత్తే కేంద్రం. తెలిసిన ఇంజనీరు ఒకాయన ఆ సంగతి పట్టాభి చెవిన వేశాడు. దశరథ కాలనీలో మిగిలిన ఖాళీ జాగా ఒక్కటే. అది దశరథ ఇంటి గోడను ఆనుకునే ఉంది.

ఇంటికొచ్చి భార్యకు చెబితే ఆమె వత్తులు చేయడం ఆపింది.

"స్వామి మీద ఒట్టు వేయించి, అది తప్పేటట్టు మీరే ఎర వేశారా? ఆ పాపం స్వామి ఎవరి నెత్తిన వేస్తాడండీ?"

"తప్పే బుద్ధి ఉన్నవాడే తప్పుతాడు."

"అతను తప్పితే మన నాలా మళ్ళీ పోతుంది కదా?"

"పోనీ. కిటికీ తెరిచినప్పుడల్లా వాడికి ఆ కంపు కొట్టాలి. నాకంతే చాలు. నీ అమ్మవారి పటం మర్చిపోయావా?"

"నేను మర్చిపోలేదు. అమ్మవారు మర్చిపోయిందేమో మరి" అని ఆమె మళ్ళీ పత్తి అందుకుంది.

సోమవారం పట్టాభి ఆఫీసుకు వెళ్ళేసరికి పెద్దసారు గది తలుపు ఓరగా తెరిచి ఉంది. లోపల దశరథ ఒక్కడే కూర్చుని ఉన్నాడు. చేతిలో చాయ్ కప్పు. పట్టాభికి గుండెల్లో పన్నీరు చల్లినట్టయింది. వెనక్కి తిరిగి, పనిగట్టుకుని దిల్‌సుఖ్‌నగర్ దాకా వెళ్ళి పూతరేకులు కొనుక్కొచ్చాడు. లలితకుమారి వాటిని ముట్టుకోలేదు.

వారం తిరక్కుండానే దశరథ తెచ్చుకున్న ఆ కమ్యూనిటీ హాల్లోనే పెద్దసారు అయిదు కాలనీలవాళ్ళకూ కలిపి మీటింగు పెట్టాడు. ఇక్కడి ఖాళీ జాగాలో చెత్త కేంద్రం కడతామని, సంఘం అధ్యక్షుడే ఒప్పుకుని సంతకం చేశాడని ప్రకటించాడు. హాలంతా ఒక్కసారిగా లేచింది. మీ అధ్యక్షగిరీ వద్దు, మీరూ వద్దు అన్నారు కొందరు. అంతయ్య అనే పెద్దాయన దశరథ ఎదురుగా వచ్చి నిలబడ్డాడు.

"నీ గోడకే పెట్టిచ్చుకున్నవ్ గదనే. రేపు నీ ఇంట్ల ముద్ద ఎట్ల దిగుతది?"

దశరథ భార్య యాదలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని బయటికి వెళ్ళిపోయింది. దశరథ తల వంచుకుని నిలబడ్డాడు. పట్టాభి వెనక వరుసలో కూర్చుని అంతా కళ్ళారా చూశాడు. ఇన్నాళ్ళకు కడుపు నిండింది.

గోల సద్దుమణిగాక పెద్దసారు ఇంకో కాగితం తీశాడు. పట్టాభి కాలనీ నాలాకు నిధులు మంజూరయ్యాయని, వానలకు ముందే పని పూర్తి చేస్తామని చదివాడు. పట్టాభి నమ్మలేక పక్కవాణ్ణి అడిగి నిజమేనని తెలుసుకున్నాడు. స్వామి తన పక్షానే ఉన్నాడనుకుని కళ్ళు మూసుకుని చేతులు జోడించాడు.

జనం వెళ్ళిపోయాక దశరథ ఒక్కడే కుర్చీలు సర్దుతున్నాడు. పట్టాభి దగ్గరికి వెళ్ళాడు. ఇన్నాళ్ళూ దాచుకున్న మాట ఆగలేదు.

"ఏం దశరథగారూ, ఒంటరి చాయ్ ఎలా ఉంది?"

దశరథ చేతిలోని కుర్చీ మెల్లగా కింద పెట్టాడు.

"చెత్త కేంద్రమని నాకు ముందే ఎర్కె సార్. ఎవరు ఒప్పుకుంటే వాళ్ళు కోరిన పని ఒక్కటి చేస్తనన్నడు పెద్దసారు. అమ్మవారి పటం మల్ల నీళ్ళల్ల పడొద్దని, నేను మీ నాలా కోరిన."