అవతలి బెంచీ

రేడియోలో పదో పేరు చదివారు. ఎమిల్ కూబాట్ కాదు.

తొమ్మిదోదీ కాదు.

అర్లిస్ కాఫీ జగ్గు పట్టుకుని రేడియో పక్కనే నిలబడిపోయింది. నెబ్రాస్కాలోని ఆ చిన్న ఊళ్ళో హోటల్ ఆమెదే. మేడ మీద గదిలో ఎనభై నాలుగేళ్ళ తండ్రి ఎమిల్ ఉంటాడు, తోడుగా ఒక రేడియోతో. ఒకప్పుడు ఈ ఊరి కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకు కోచ్. ఆయన కన్నుమూసేలోగా ఆయన పేరు నలుగురి నోటా ఒక్కసారి మంచిగా వినిపిస్తే చాలని ఆమె ఆశ.

అరవైల నాటి గొప్ప కోచ్‌లు పదిమందిని రేడియోవాళ్ళు ఆ శనివారం పొద్దున వరసపెడుతున్నారు. పేరుకీ పేరుకీ మధ్య ఒక పాట.

"ఎందుకమ్మాయ్ నీకా తాపత్రయం?" అన్నాడు ఆర్విల్, గుడ్డు నములుతూ. ఊళ్ళో ధాన్యం గిడ్డంగి అతనిది. "మీ నాన్న పేరు రావాలంటే వేరే జాబితా వెయ్యాలి. చేతికందిన కప్పు జారవిడిచినవాళ్ళది."

పక్కనున్న మెర్ల్ కిసుక్కున నవ్వాడు.

అర్లిస్ అతని కప్పులో కాఫీ పోసింది. ముప్ఫై ఏళ్ళుగా వింటున్నదే. ఈ ఎత్తిపొడుపులు పడలేకే నాన్న పొద్దునపూట కిందికి దిగడం మానేశాడు.

"నన్నడిగితే మొదటి పేరు ఎమిల్‌దే."

అందరూ తల తిప్పారు. కిటికీ దగ్గర ఒక ముసలాయన. ఊరికి కొత్త. బట్టతల, చేతికర్ర. ముందున్న పాన్‌కేక్ ముట్టుకోనేలేదు.

"ఏ ఊరు పెద్దాయనా మీది?" అడిగాడు ఆర్విల్.

"పడమటి వైపు."

"అయితే మీకు తెలీదులెండి. ఆఖరి ఆట. ఒక్క పాయింటు వెనకున్నాం. గోల్ గీతకి ఇంకా మూడు గజాలు. బంతి చంకన పెట్టుకుని మా రాయిస్ ఒక్క దూకు దూకితే కప్పు మాది. ఈ మహానుభావుడు రాయిస్‌ని కూర్చోబెట్టి ఎవడో బక్కవాణ్ణి పంపాడు."

"రాయిస్ తలకి అప్పటికే దెబ్బ తగిలింది."

"దెబ్బలు తగలకపోతే అది ఫుట్‌బాల్ ఎలా అవుతుంది? లేచి నడిచాడుగా."

"నడిచాడు. నడిచి వెళ్ళి అవతలి జట్టు బెంచీ మీద కూర్చున్నాడు."

ఆర్విల్ ఫోర్కు కింద పెట్టాడు. "కుర్రాడు కంగారులో తికమకపడ్డాడు. అయితే ఏంటంట?"

"వాడి కళ్ళు నేను చూశాను. వాళ్ళమ్మ పేరేంటని అడిగితే చెప్పలేకపోయాడు. ఎమిల్ మైదానానికి అడ్డంపడి పరిగెత్తుకొచ్చాడు. చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నట్టు ఎత్తుకుని పోయాడు. మళ్ళీ ఆటలోకి పంపలేదు."

"అంత బాగా కనబడిందంటే ఎక్కడ కూర్చున్నారేంటి?"

"దగ్గర్లోనే ఉన్నాను."

"ఆ రోజు ఆట చూసినవాళ్ళ కన్నా చూశామని చెప్పుకునేవాళ్ళే ఎక్కువ," అన్నాడు మెర్ల్.

"స్ట్రౌడ్ అయితే అలా చేసేవాడా?" ఆర్విల్ గొంతు పెరిగింది. "ఆ అవతలి జట్టు కోచ్. మాకు పగవాడే, అయినా మొనగాడు. కప్పు ఎగరేసుకుపోయాడు."

"నిజమే. స్ట్రౌడ్ అయితే ఆ కుర్రాణ్ణి మళ్ళీ పంపేవాడు," అన్నాడు ముసలాయన. "అందుకే నేను ఎమిల్ పేరు చెబుతున్నాను."

"మా ఊరికొచ్చి మాకే పాఠాలా? తిన్నంత తిని దయచెయ్యండి పెద్దాయనా."

ముసలాయన లేచాడు. కర్ర పోటేసుకుంటూ అర్లిస్ దగ్గర ఆగాడు.

"ఎమిల్ ఎలా ఉన్నాడమ్మా?"

"మోకాళ్ళ నొప్పులండీ. పైనే ఉన్నారు, పిలవనా?"

ఆయన మెట్ల వైపు చాలాసేపు చూశాడు.

"వద్దమ్మా. ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది."

ఆయన రోడ్డు దాటి టెలిఫోన్ బూత్‌లోకి వెళ్ళడం ఆమె కిటికీలోంచి చూసింది. ఇంకో కప్పు కాఫీ ఇచ్చి కూర్చోబెట్టి ఉంటే బాగుండేదని ఆ తర్వాత ఎన్నిసార్లు అనుకుందో.

రేడియో రెండో పేరు దాకా వచ్చింది. ఎమిల్ లేడు. అర్లిస్ రేడియో కట్టేద్దామని చెయ్యి చాచింది.

"ఉండు, మొదటివాడు స్ట్రౌడే. వినిపోతాం," అన్నాడు ఆర్విల్.

"మొదటి పేరు చదివేముందు ఒకాయన ఫోన్‌లో మాట్లాడతానంటున్నారు," అంది రేడియో.

"అన్నిటికన్నా పైన రాసిన పేరు కొట్టేసి ఎమిల్ కూబాట్ అని రాయండి," అంది ఒక ముసలి గొంతు. "మొన్న రాయిస్‌ని చూశాను. మనవరాలికి సైకిల్ నేర్పుతున్నాడు. ఏ కప్పు దానికి సాటి వస్తుంది?"

"ఇందాకటి పిచ్చాయనే," అన్నాడు మెర్ల్. "రేడియోవాళ్ళనీ వదల్లేదు."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అర్లిస్ వాకిట్లోకి పరిగెత్తింది. పాత కారొకటి అప్పటికే పెద్ద రోడ్డెక్కేసింది.

ఆమె వెనక్కొచ్చేసరికి మెట్ల మీద అడుగుల చప్పుడు. ఎమిల్ మెట్ల కమ్మీ పట్టుకుని కిందికి దిగుతున్నాడు. కళ్ళు తడిగా ఉన్నాయి, మొహం మాత్రం వెలిగిపోతోంది. ఆర్విల్ పక్క స్టూలు మీదున్న తన టోపీ తీసి ఆయనకు చోటిచ్చాడు.

"విన్నావా నాన్నా? ఎవరో పాపం, ఆ రోజు ఆట చూడ్డానికి వచ్చినాయనట."

"చూడ్డానికి కాదమ్మా," అన్నాడు ఎమిల్, మెల్లిగా కూర్చుంటూ. "ఆ గొంతు నేనెలా మర్చిపోతాను? మనల్ని ఓడించిన స్ట్రౌడ్ అతనే."