నీలిచుక్క సాక్ష్యం

దొంగతనానికి వెళ్తే తన ఫోనే తన తరఫున సాక్ష్యం చెబుతుందని తట్టిన రోజున, నీళ్ల ఫిల్టర్ల మెకానిక్‌కి ఉద్యోగం మీద మొదటిసారి ప్రేమ పుట్టింది.

అంతవరకూ ఆ ఫోనంటేనే అతనికి ఒళ్లుమంట. కంపెనీవాళ్లు అందులో ఒక యాప్ వేయించారు. అతనెక్కడుంటే అక్కడ, ఆఫీసులో మేనేజర్ చూసే మ్యాపు మీద ఒక నీలిచుక్క కనిపిస్తుంది. కస్టమర్ గుమ్మం దాకా వెళ్తే తప్ప ‘చేరాను’ అన్న మీట పనిచేయదు. టీ కొట్టు దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగితే చాలు, చుక్క కదలడం లేదేమని మేనేజర్ ఫోన్ చేసి వాయించేస్తాడు.

అయితే మేనేజర్ చూసేది చుక్కని. మనిషిని కాదు.

మెకానిక్ కన్ను ఒక పెద్దాయన సొరుగులోని జేబుగడియారం మీద పడి చాలాకాలమైంది. బంగారపుది. మూత తీస్తే లోపల్నుంచి పిట్ట కూస్తుంది. రెండు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత. ఫిల్టర్ బాగుచేయడానికి వెళ్లినప్పుడల్లా పెద్దాయన మురిసిపోతూ మూత తీసి వినిపించేవాడు. మెకానిక్ ఇంటికొచ్చి ఆ కూతని ఈలవేసి మరీ భార్యకి వినిపించేవాడు. అలాంటి వస్తువు ఇంట్లో పెట్టుకుని, పెరటి తలుపు తాళంచెవి పూలకుండీ కింద దాచే ఆ తెలివిని ఇంట్లో అందరికీ చెప్పి, అన్నం తింటూ పొలమారేలా నవ్వేవాడు.

ఆ పెద్దాయన బుధవారం తెల్లారకుండానే కూతురింటికి వెళ్తున్నాడు.

ఇక కావలసింది చుక్కని మోసే మనిషి. అతనూ ఇంట్లోనే ఉన్నాడు. ఉద్యోగం వెతుక్కుంటానని వచ్చి, అక్క ఇంట్లో సోఫా వెతుక్కున్న బావమరిది. వాడిది మట్టిబుర్రని మెకానిక్‌కి గట్టి నమ్మకం.

“నా ఫోన్ పట్టుకుని ఊరి చివర అపార్ట్‌మెంట్ల సెల్లార్‌కి వెళ్లు. అక్కడి పెద్ద ఫిల్టర్ పక్కన సాయంత్రం దాకా కూర్చో. అటు ఎవరూ రారు. కూర్చోవడం నీకు కొత్త కాదుగా” అన్నాడు.

“మరి నువ్వెక్కడుంటావ్ బావా?”

“ఫోన్ ఎక్కడుంటే నేనక్కడున్నట్టే.”

బావమరిది చాలాసేపు ఆలోచించాడు. “నా ఫోన్ కూడా తీసుకెళ్లనా?”

మెకానిక్ తల పట్టుకున్నాడు. రెండు ఫోన్లూ ఒకేచోట కనబడితే కొంప మునుగుతుందని, అది ఇంట్లోనే పడేసి వెళ్లమని విడమరిచి చెప్పాడు. అక్కకి ఒక్క ముక్క కూడా చెప్పనని ఒట్టు వేయించుకున్నాడు. బావమరిది బుద్ధిగా తలూపాడు. అది చూసి మెకానిక్‌కి జాలి కూడా వేసింది.

బుధవారం మధ్యాహ్నం వీధి కునుకు తీసే వేళకి అతను పెద్దాయన పెరట్లోకి దిగాడు. తాళంచెవి కుండీ కిందే ఉంది. సొరుగు లాగాడు. మెత్తని గుడ్డ ఉంది, గుడ్డ మీద గుండ్రటి గుంట ఉంది, గడియారం మాత్రం లేదు. ముసలాయన వెంట తీసుకుపోయినట్టున్నాడని తిట్టుకుంటూ వచ్చిన దారినే పోయాడు. సాయంత్రం బావమరిది ఫోన్ చేతిలో పెట్టి, కూర్చుని కూర్చుని నడుం పట్టేసిందన్నాడు.

పెద్దాయన తిరిగొచ్చిన మర్నాడు మెకానిక్‌ని పోలీస్ స్టేషన్‌కి పిలిపించారు. గడియారం పోయిందనగానే అతను ఆశ్చర్యం నటించాల్సిన పని లేకపోయింది. నిజంగానే నోరు తెరిచాడు. అయినా బెదరలేదు. బుధవారం తను ఊరి చివర ఉన్నానని, కావాలంటే ఆఫీసులో మ్యాపు చూసుకోమని చెప్పాడు.

“చూశాకే పిలిచాం” అంటూ ఇన్‌స్పెక్టర్ కంప్యూటర్ అతని వైపు తిప్పాడు. నీలిచుక్క పొద్దున్నే పెద్దాయన ఇంటికి వెళ్లింది. అక్కడ కాసేపుండి, ఆ తర్వాతే సెల్లార్‌కి పోయింది.

మెకానిక్ తెర మీదికి వంగి మళ్లీ చూశాడు. ఆ రోజు ఫోన్ తన దగ్గర లేదని, బావమరిది దగ్గరుందని మొత్తుకున్నాడు. అలాగైతే నువ్వెక్కడున్నావ్ అని ఇన్‌స్పెక్టర్ అడిగాడు. తేలు కుట్టిన దొంగలా ఉండిపోయాడు పాపం. ఉద్యోగం పోయినట్టే. జైలు ఊచలు కళ్లముందు ఆడాయి.

బావమరిది ఫోన్ బుధవారమంతా ఇంట్లోనే ఉన్నట్టు తేలిందని ఇన్‌స్పెక్టర్ చెప్పాడు. అయినా అడిగి చూద్దామని మెకానిక్ భార్యకి ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు.

“మా తమ్ముడా? ఎక్కడికీ కదల్లేదండీ. రోజంతా నా పక్కనే కూర్చుని సీరియల్ చూశాడు. మా ఆయన సంగతే నాకు తెలీదు” అందావిడ తొణక్కుండా.

సరేనని ఫోన్ పెట్టేయబోయిన ఇన్‌స్పెక్టర్, పెద్దాయన ఫిర్యాదు కాగితం మీద వేలు ఆనించి, స్పీకర్ వైపు మళ్లీ చెవి ఒగ్గాడు.

“రెండు పొట్టిగా, ఒకటి పొడుగ్గా... అమ్మా, మీ ఇంట్లో పిట్టని గానీ పెంచుతున్నారా?”