ఏడో నంబరు రైఫిలు వాంగ్మూలం

తుపాకులు తమ బాగోగులు తామే చెప్పుకునే రోజులొచ్చాక, పోలీసు ఆయుధాగారంలో మరమ్మతుల హవల్దారు సన్యాసినాయుడికి వాటి సణుగుడు వినడమే ఉద్యోగమైంది. గస్తీ అంతా డ్రోన్లదే. రైఫిళ్లు పేలి పదకొండేళ్లయింది. అయినా ఏడో నంబరు, లోపల ట్రిగ్గరు కొక్కెం అరిగిపోయిందని మొరపెట్టుకుంది.

పేలని తుపాకీ అరగడమేమిటి? నాయుడు కొక్కెం ఊడదీసి, భూతద్దం కింద పెట్టి, ఒక్క చూపులో తేల్చేశాడు.

"ఎవులో ఖాళీ తుపాకీని ఊరికే నొక్కేస్తన్నారు. పైడితల్లీ, నువ్వేనేటి?"

కాపలా కానిస్టేబులు పైడితల్లి బిత్తరపోయింది. "నానెప్పుడైనా దాన్ని ముట్టుకున్నానేటి బాబూ?"

"నీ ఉద్యోగం ఉంటాదో ఊడతాదో రేపు ఎస్పీ గారు సెప్తారు," అంటూ నాయుడు నివేదికలో ఆమె పేరు రాసేశాడు. సంతకానికి ముందు, రివాజు ప్రకారం, తుపాకీ వాంగ్మూలం అడిగాడు.

"రోజూ పొద్దున్న టీ తాగాక మీరే నన్ను తీస్తారు సార్," అంది ఏడో నంబరు. "బాగున్నానో లేదో చూడ్డానికి ఇరవైసార్లు నొక్కుతారు. పదకొండేళ్లుగా."

'అద్దంలో చూసుకుంటే సరిపోయేదానికి భూతద్దం ఎందుకురా సన్యాసీ!' అని తిట్టుకుంటూ నాయుడు ఆమె పేరు కొట్టేసి, తన పేరు రాసుకున్నాడు. కారణం దగ్గర 'అతి శ్రద్ధ' అని రాసి, సిగ్గేసి, 'అతి' మాత్రం ఉంచాడు.

తర్వాత కొత్త కొక్కెం బిగించాడు. సరిగ్గా కూర్చుందో లేదోనని ఒకసారి నొక్కాడు. మళ్లీ నొక్కాడు.

"రెండు బాబూ!" గుమ్మంలోంచి గట్టిగా అంది పైడితల్లి.