ఒకే గోడ, రెండు మాటలు

"కరెంటు ముచ్చట కొట్టేసిన అన్నా. తండాలోల్లు నమ్మరు" అంటూ చంద్రమౌళి ప్రసంగం కాగితాన్ని అభ్యర్థి జగపతికి అందించాడు. ప్రచారమంతా ఈ సలహాదారు చేతిమీదుగానే నడుస్తోంది.

కేసముద్రం దాటి జీపు తండాలో ఆగింది. ఎదురుగా బడిగోడ మీద ఎర్రని అక్షరాలు: "జగపతి గెలిస్తే బావిబావికీ కరెంటు." దాని కిందే, అదే ఎరుపులో: "కరెంటు రాదు. డీజిల్ ఇంజను కొనండి. ఏజెంటు చంద్రమౌళి."

"ఏంది మౌళీ గిది?"

"పెయింటరు ఒక్కడే గదన్నా! ఒక్క ఖర్చుల అయిపోతదని..."

తండా రైతు రుక్కి ఎడ్లను పట్టుకొని నవ్వుతూ వచ్చింది.

"ఇద్దరు ఒక్క జీపుల్నే వస్తిరి. ఏది నిజం పటేలా? కరెంటొస్తే ఎడ్లుంటయ్. ఇంజను కొనాల్నంటే అమ్మాలె. ఎడ్ల అంగడి ఇయ్యాలనే."

"కరెంటే నిజమక్కా! మౌళీ, అబద్ధాన్ని నువ్వే చెరుపు."

ఎవరో సున్నం బకెట్టు తెచ్చారు. చంద్రమౌళి కుంచె ముంచి, శ్రద్ధగా, తన పేరొక్కటే చెరిపాడు.

"సరేనా అన్నా?"

జగపతి గోడను చూశాడు, కాగితంలో కొట్టివేసిన వాక్యాన్ని చూశాడు. కాగితాన్ని మెల్లగా మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. మైకు పెట్టు."

రుక్కి ఎడ్లను అంగడి దారి పట్టించింది.