అనకూడని పేరు

అటక మీద బుస వినిపించింది. పామనుకుని వీరవేణి కర్ర పట్టుకుని నిచ్చెనెక్కింది.

వల తట్ట పక్కన రెండు పిల్లలు. తెల్లటి నూగు, చదును మొహాలు, రెప్ప వెయ్యని నల్లటి కళ్లు.

"ఏంటత్తా?" కింద నుంచి కోడలు రాణి అడిగింది. చంకలో చంటిపిల్ల.

"పావురం పిల్లలే" అంది వీరవేణి, నిచ్చెన దిగుతూ.

ఆ లంకలో పెద్దలు చెప్పేది ఒకటే. ఆ పిట్ట ఇంట్లో దూరితే చూడనట్టు ఊరుకోవచ్చు. కప్పు కింద ఎవరైనా దాని పేరు అన్నారా, ఆ పూటే ఇల్లు విడవాలి. మూడు నెలలు గడప తొక్కకూడదు.

వీరవేణి ఇల్లు విడిచే మనిషి కాదు. వరద తీసి వారమైంది. గోదావరి గట్టును కోసుకుంటూ పెరటి కొబ్బరిచెట్ల దాకా వచ్చేసింది. ఖాళీ చెయ్యమని వీఆర్వో రెండు నోటీసులిచ్చాడు. రాజరత్నం మాస్టారు నిన్న సాయంత్రం కూడా వచ్చి బతిమాలారు.

"చేపలమ్మి కట్టుకున్న ఇల్లండి. గోదారిని నన్నడిగి రమ్మనండి" అంది.

ఆయన వసారాలో తడుస్తున్న వల తట్టను అటక మీదికి ఎక్కించి వెళ్లిపోయారు.

ఇవాళ పొద్దున్నే మళ్లీ వచ్చారు. రిటైరైన బడిపంతులు. చర్చిలో గంట కొట్టేదీ ఆయనే. వేలికి గుడ్డపీలిక కట్టి ఉంది.

బుస విని తలెత్తారు.

"పావురాలండి" అంది వీరవేణి గబగబా. "మీరేం అనకండి మాస్టారూ. మీ నోటికో దణ్ణం."

"పావురాలేంటమ్మా? గుడ్లగూబ పిల్లలు" అన్నారాయన, వీధిలోకి వినపడేటట్టు.

రాణి బిడ్డను గుండెకు అదుముకుంది.

"పిల్లలకి పాఠాలు చెప్పిన నోరేనా అండి అది?" అంది వీరవేణి. "మీ దేవుడు మీకు కూసింత జాలి కూడా ఇవ్వలేదా?"

ఆయన బియ్యం డబ్బా తనే మోశారు. మధ్యాహ్నానికి అత్తాకోడళ్లు స్కూలు గదికి చేరారు.

మూడోనాడు తెల్లవారుతుండగా గట్టు జారింది. వంటిల్లు, అటక, కొబ్బరిచెట్లు ఒక్క చప్పుడుతో నీళ్లలోకి పోయాయి.

"ఆ పేరే కూల్చింది" అంది వీరవేణి. మాస్టారి మొహం చూడలేదు. ఊళ్లో ఇంకెవరూ ఆయన వైపు చూడలేదు.

ఆయన ఎప్పటిలాగే గంట కొట్టడానికి చర్చి మెట్లెక్కారు. గంట పక్క గూట్లో, తను ఒక సాయంత్రం ఆ అటకెక్కించి మర్నాటి సాయంత్రం తిరిగి తెచ్చిపెట్టిన రెండు పిల్లలూ ఆయన్ని చూసి బుసకొట్టాయి.