ఇత్తడి పిన్ను

బావ రెండు మడత కత్తుల్నీ బల్ల మీద పక్కపక్కనే పెట్టి, "రారా, తేడా ఎక్కడుందో నువ్వే చెప్పు" అన్నాడు.

తమ్ముడు కుర్చీ అంచున కూర్చున్నాడు. ఎదురుగా అక్క. ఆమె కుడిచేతి చూపుడువేలికి లావుపాటి కట్టు.

అక్క పేము కుర్చీలు అల్లుతుంది. వీధివైపు గదే ఆమె దుకాణం. సగం అల్లిన కుర్చీ ఒకటి కిందటి వారం నుంచి గోడకు ఆనుకుని అలాగే ఉంది. తెగిన నరాన్ని డాక్టరు కుట్టాడు. వేలు మళ్లీ వంగుతుందో లేదో కట్టు విప్పితే గానీ చెప్పలేనన్నాడు. వేలు వంగకపోతే అల్లిక లేదు. ఆ మాట ఇంట్లో ఎవరూ పైకి అనడం లేదు.

బల్ల మీద ఎడమవైపుది అసలు కత్తి. అక్క స్నేహితురాలి దగ్గర బావ అడిగి తెచ్చాడు. కుడివైపుది తమ్ముడు అక్కకి ఇచ్చింది. బజార్లో పెద్ద స్టోరు వాళ్లు తమ పేరుతో అమ్మే చౌక రకం. ప్రమోషను వచ్చిన రోజు సాయంత్రం తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. "అసలుదానికీ దీనికీ ధరలో తప్ప తేడా ఏమీ లేదక్కా" అని గొప్పగా చెప్పాడు కూడా.

బావ లెక్కల మాస్టారు. పరీక్షలో కాపీ కొట్టిన పిల్లల కాగితాలు చూసినట్టే కత్తులు రెండూ తిప్పితిప్పి చూశాడు.

"అదే పిడి, అదే వంపు. రెండూ తెరిస్తే 'టిక్' మంటాయి. ఇప్పుడు చూడు."

అసలు కత్తిని తెరిచి, బ్లేడు వెన్నును బల్ల అంచుకేసి నొక్కాడు. కదల్లేదు. చౌక కత్తిని అలాగే నొక్కాడు. టపీమని మడుచుకుంది. అక్క మొహం తిప్పేసుకుంది.

"పిడి మొదట్లో ఆవగింజంత ఇత్తడి పిన్ను ఉంది, చూశావా? బ్లేడు వెనక్కి పడకుండా అడ్డం. దీంట్లో అదే లేదు. కాపీ కొట్టడం కూడా చేతకాని వెధవ ఎవడోగానీ!"

తమ్ముడు ఉలిక్కిపడ్డాడు.

"గుమ్మడికాయల దొంగ ఎవరంటే నువ్వు భుజాలు తడుముకుంటావేంట్రా? నిన్నెవరన్నారు?" బావ నవ్వాడు.

"స్ప్రింగు ఉందిగా, బావా. అట్టపెట్టె కొయ్యడానికీ, తాడు తెంపడానికీ అది చాలు" అని గొణిగి, అక్క వైపు తిరిగాడు. "నువ్వేమైనా కత్తిని వెనక్కి ఎత్తావా అక్కా?"

"పేములో బ్లేడు ఇరుక్కుంటే మరేం చేస్తాంరా? వెనక్కి ఎత్తి లాగుతాం. ఈ పని చేసేవాళ్లంతా అంతే."

ముందే ఒక్కసారి అడిగి ఉంటే అక్క ఇదే మాట చెప్పేది. అడగాలని తోచనే లేదు. సిగ్గుతో అతని చెవులు వేడెక్కాయి.

"వాణ్ణి వదిలెయ్యండి" అంది అక్క. "ప్రేమగా ఇచ్చాడు. రోజంతా కంప్యూటరు ముందు కూర్చునేవాడు, వాడికేం తెలుసు?"

అలవాటు లేని ఎడమచేత్తో టీ కప్పు అందించింది. సగం సాసర్లోకి ఒలికింది. తమ్ముడు కప్పు అలాగే బల్ల మీద పెట్టేశాడు. అక్క నాలుగు తిట్టినా బాగుండేది.

"బిల్లేదిరా?" అన్నాడు బావ.

"లేదు బావా."

"పిల్లికి బిచ్చం పెట్టనివాడివి, బిల్లు పారేశావా? సరే, లేకపోయినా పద. ఆ స్టోరు గుమ్మం దగ్గరే కుప్పపోసి అమ్ముతున్నారట. ఇంకెవరి వేలు తెగాలి?"

"నేనొక్కణ్ణే వెళ్తాను. నాకొదిలెయ్ బావా."

"నువ్వా? వాళ్లు దబాయిస్తే సారీ చెప్పి తిరిగొచ్చే రకం నువ్వు. నడు!"

నిజంగానే స్టోరు గుమ్మం దగ్గర పెద్ద బుట్ట నిండా అవే కత్తులు. తమ్ముడు తల వంచుకుని దాన్ని దాటాడు. ఫిర్యాదుల కౌంటర్లో ఉన్న అమ్మాయికి బావ కత్తి నొక్కి చూపించాడు. అది టపీమని మడుచుకోగానే ఆ అమ్మాయి గబుక్కున చెయ్యి వెనక్కి తీసుకుంది.

"అయ్యో సర్! మా పేరుతో అమ్ముతాం గానీ, ఇది బయటి ఆఫీసు వాళ్లు డిజైను చేసిచ్చింది. ఎవరికైనా దెబ్బ తగిలిందంటే నేరుగా ఆ డిజైను చేసినాయనకే ఫోన్ చెయ్యమన్నారు."

"చెయ్యమ్మా, చెయ్యి. స్పీకర్లో పెట్టు. ఆ పిన్ను పీకేసిన మహానుభావుడి గొంతు ఒక్కసారి వినాలి."

తమ్ముడు బావ మోచెయ్యి పట్టుకున్నాడు. "బావా, ఒక్క నిమిషం బయటికి రా. నీకో మాట చెప్పాలి. ఆస్పత్రిలోనే చెప్పాల్సింది."

"ఆగరా, ముందు వాడి సంగతి తేలనీ."

ఆ అమ్మాయి నంబరు నొక్కింది. బావ చొక్కా చేతులు పైకి మడుచుకుని కౌంటరు మీదికి వంగాడు.

తమ్ముడి చొక్కా జేబులో ఫోను మోగింది.