మూడూ కలిపి ఇచ్చే గోరింక

అడవి చివర, ఏ కబురూ చేరని పొదలో ఒక కౌజుపిట్ట ముగ్గురు పిల్లలతో ఉండేది. ముంగిస వస్తే ముందే చెప్పేవాళ్లు ఆమెకు కావలసి వచ్చారు.

"నేను అరుస్తాను వదినా. నాకు అదొక్కటే వచ్చు" అంది ఉడుత.

"అదొక్కటేనా!" అని నవ్వింది గోరింక. "నేనైతే పొద్దున పాట, మధ్యాహ్నం కథ, ముంగిస కబురు, మూడూ కలిపి ఇస్తానక్కా!"

మూడొచ్చే చోట ఒకటెవరు తీసుకుంటారు? కౌజు ఉడుతను పొమ్మంది.

మర్నాడు గోరింక మంచి పాటలో ఉండగా ముంగిస వచ్చింది. పాపం, గోరింకకు గొంతు ఒకటే. పాట ముగించి, ఇచ్చిన మాట తప్పకుండా "అక్కా, ముంగిస!" అంది. అప్పటికి పొదలో ఇద్దరు పిల్లలే మిగిలారు.

"ఇప్పుడా చెప్పేది?" అంది కౌజు.

"కాస్త ఆలస్యమైందిలే. పాట మాత్రం ఎక్కడైనా ఆగిందా అక్కా?"